సీనీ చుట్టూ కూర్చున్నవాళ్ళు

పోయిన రంజాన్‌లో ఒక ఇత్‌వార్ నాడు మా కోడలు తన సహేలీలను ఇఫ్తార్‌కు పిలిచింది. అసర్ నమాజ్ అయ్యాక బావర్చీఖానాలోకి వెళ్ళి చూస్తే, ఆమె ఒక చెక్కపలక ముందు పెట్టుకుని కూర్చుంది. మామిడి చెక్క, ఒక పక్క పిడి, అంచు పొడుగునా పూలతీగ చెక్కి ఉంది. దాని మీద ఖజూర్లు, కోసిన జామ, పుచ్చకాయ ముక్కలు, ఖుబానీలు, చిన్న కటోరీల్లో దహీవడలు, గుగ్గిళ్ళు పొందికగా పేరుస్తోంది.

"ఏంటి బేటా, రొట్టెల పీట మీద పెడుతున్నావు?" అన్నాను.

నవ్వింది. "రొట్టెల పీట కాదు అమ్మీ, సర్వింగ్ బోర్డు. అన్నీ దీని మీదే ఉంటాయి, ఎవరికి కావలసింది వాళ్ళు తీసుకుంటారు. నేను కూడా వాళ్ళతో కూర్చుంటాను."

చివరి మాట తేలిగ్గా అనేసింది. నాకు మాత్రం రాత్రి తరావీ అయ్యేదాకా అదే చెవిలో ఉంది. మా దాదీమా ఎనభై ఏళ్ళు బతికింది. వందల దావత్‌లు చేసింది. మెహమాన్‌లతో కూర్చుని తిన్న రోజు ఒక్కటి కూడా నాకు గుర్తులేదు.

అందుకే ఈసారి పలకలు, పళ్ళాల కథ రాద్దామనిపించింది. మనకు ఇది కొత్త షోకేం కాదు. దస్తర్‌ఖ్వాన్ అంటే మనం కింద పరిచే గుడ్డ అనుకుంటాం. 'దస్తార్' అంటే గుడ్డ, సరే. 'ఖ్వాన్' అంటే ఫార్సీలో అన్నం పెట్టే పెద్ద పళ్ళెం, బల్ల. పళ్ళెం మీద కప్పే గుడ్డ ఖ్వాన్‌పోష్. సీనీ సంగతి ఇంకా తమాషా. అరబ్బీలో 'సీన్' అంటే చైనా. చైనా నుంచి వచ్చిన పళ్ళెం కాబట్టి సీనియ్యా అన్నారు, అదే మన ఇళ్ళకొచ్చి సీనీ అయింది. తెలుగులో పాత జమీందార్ల కథల్లో 'మేజువాణి' అని చదువుతుంటాం కదా, ఆటపాటల విందు అనే అర్థంలో? అది మన 'మేజ్‌బానీ'యే, అంటే మెహమాన్‌దారీ. ఆతిథ్యం అనే మాట తెలుగులోకి వచ్చేసరికి నాచ్‌గా ఎలా మారిందో అది వేరే దాస్తాన్, ఇంకోసారి రాస్తాను.

ఒకటి మాత్రం చెప్పాలి. బుఖారీలో హజ్రత్ అనస్ రివాయత్ ఒకటుంది. ప్రవక్త (స) ఎన్నడూ ఖివాన్ మీద, అంటే ఎత్తు బల్ల మీద పెట్టుకుని తినలేదట. నేల మీద పరిచిన సుఫ్రా మీద తినేవారట. సుఫ్రా అసలు ప్రయాణంలో తిండి కట్టుకుపోయే తోలు ముక్క. అక్కడ మొదలైన మనం ఎక్కడిదాకా వచ్చామో చూడండి.

అబుల్ ఫజల్ ఆయిన్-ఎ-అక్బరీలో బాద్‌షా వంటశాల గురించి వివరంగా రాశాడు. బంగారు, వెండి పాత్రలను ఎర్రగుడ్డలో, రాగి, చీనీ పాత్రలను తెల్లగుడ్డలో మూటకట్టేవారు. మీర్ బకావల్ ఒక్కో మూటకూ ముహర్ వేసి, లోపల ఏముందో రాసి పంపేవాడు. గుడ్డ వెనక నజాకత్ ఎంతుందో, విషం భయం అంతకన్నా ఎక్కువ ఉంది. మన శాదీల్లో జరీ ఖ్వాన్‌పోష్‌లు కప్పి సీనీలు మోసుకొస్తుంటే నాకు ఆ ముహర్లే గుర్తొస్తాయి.

ఇక మన దక్కన్ సంగతి. ఇక్కడ పళ్ళెం అంటే బీదర్ పేరు రాకుండా ఉండదు. 1420లలో అహ్మద్ షా వలీ బహమనీ తఖ్త్‌ను గుల్బర్గా నుంచి బీదర్‌కు మార్చాడు. ఆ దర్బారు వెంట ఇరాన్ వైపు నుంచి వచ్చిన కారీగర్లే ఈ హునర్ తెచ్చారని అక్కడివాళ్ళు చెబుతారు. మనం మ్యూజియంలలో చూసే పాత బిద్రీ సామాన్లు ఎక్కువగా 17వ శతాబ్దానివి, ఆ తర్వాతివి. మన సాలార్‌జంగ్ మ్యూజియంలోనూ ఉన్నాయి. హుక్కా అడుగుబుడ్లు, పాన్‌దాన్‌లు, చేతులు కడిగించే ఆఫ్తాబా, సైలాబ్చీ, సీనీలు. ఒక్కసారి జాబితా గమనించండి. అన్నీ మెహమాన్‌కోసం చేసినవే.

చేసే పద్ధతి చెబితేనే మా ఇంట్లో జరిగింది మీకు అర్థమవుతుంది. సుమారు 16 పాళ్ళ జింకుకు ఒక పాలు రాగి కలిపి, మట్టి అచ్చులో పోస్తారు. నునుపు చేశాక మైలుతుత్తం నీళ్ళు రుద్దితే తాత్కాలికంగా నల్లబడుతుంది, దాని మీద నక్షా గీస్తారు. గీతల వెంట ఉలితో తొలిచి వెండి తీగ కొట్టి దిగేస్తే అది తార్‌కశీ, వెండి రేకు ముక్కలు పొదిగితే తెహ్‌నిషాన్. అప్పటికి మళ్ళీ అంతా ఒకటే బూడిదరంగు, వెండి ఎక్కడుందో కంటికి ఆనదు. అసలు కమాల్ చివర్లో ఉంది. బీదర్ కిల్లా పాత గోడల మధ్య నుంచి తెచ్చిన మట్టిని నౌసాదర్‌తో కలిపి, వేడిచేసిన పాత్రకు పట్టిస్తారు. జింకు కటిక నలుపవుతుంది. వెండి వెండిలాగే మిగిలిపోతుంది. ఆఖర్న నూనె రాస్తారు.

జింకుకు పులుపు పడదు. అందుకే బిద్రీ సీనీ ఎంత అందంగా ఉన్నా దాని మీద నేరుగా దాల్చా పోయరు, నిమ్మకాయ పిండరు. పాన్, ఇలాయచీ, ఇత్తర్ శీషా, ఎండుమేవా, ఇవీ దాని పని. వంటకు రాగి డేగ్‌లు, లగన్‌లు ఉండేవి. వాటికీ లోపల ఖలాయీ, అంటే తగరం పూత ఉండాల్సిందే. అది చెరిగితే చిలుము పట్టి తిండి విషమయ్యేది. గల్లీలో ఖలాయీవాలా కేక వినబడగానే ఆడవాళ్ళందరూ గిన్నెలు పట్టుకుని దర్వాజా దగ్గరికొచ్చేవారు.

మా దాదీమా జహేజ్‌లో ఒక బిద్రీ సీనీ వచ్చింది. గుండ్రంగా, జానెడున్నర వెడల్పు, అంచున వెండి గసగసాల పూలు. పాలమూరులో మా పాత ఇంటి మర్దానాలో అబ్బా దోస్తులు, దాదా దోస్తులు చౌకీ చుట్టూ కూర్చునేవారు. చౌకీ అంటే కొత్తవాళ్ళకు తెలియదేమో, నేలకు జానెడెత్తులో ఉండే చెక్కబల్ల. దాని మీద దస్తర్‌ఖ్వాన్, చుట్టూ ఆరేడుగురు. హైదరాబాద్ శాదీల్లో 'చౌకీ డిన్నర్' అని ఇప్పుడు ఫ్యాషన్‌గా పెడుతున్నది ఇదే. బార్కస్‌లో, నిజాం ఫౌజ్‌లో చేరడానికి యెమెన్ హద్రమౌత్ నుంచి వచ్చిన చావుష్‌ల బస్తీలో, ఒకే పళ్ళెంలో మండీ పెట్టుకుని నలుగురు తింటారు కదా, చూడ్డానికి అదీ ఇదీ ఒకే కుటుంబం లాగుంటాయి. ఒకపక్క ఫలక్‌నుమాలో 101 మంది కూర్చునే మేజా వేసినా, మామూలు ఇళ్ళలో మాత్రం చౌకీ నేలనే అంటిపెట్టుకుంది.

తినడం అయ్యాక బిద్రీ సీనీలో పాన్ వెళ్ళేది. పర్దా అవతల నుంచి దాదీమా చేయి సీనీని ముందుకు తోసేది, ఇవతల చిన్నపిల్లలం అందుకునేవాళ్ళం. "పహ్‌లే ఆప్" అంటూ వాళ్ళు ఒకరికొకరు తకల్లుఫ్ చేసుకునేవారు. బావర్చీఖానాలో ఆడవాళ్ళు డేగ్ అడుగున మిగిలింది గిన్నె మూతల్లో పెట్టుకుని, పీటల మీద కూర్చునీ కూర్చోకుండా తినేవారు. అది జుల్మ్ అని అప్పుడు ఎవరూ అనలేదు. సలీఖా అన్నారు.

నాకు పదేళ్ళప్పుడు, బక్రీద్ ముందు రోజు. ఇత్తడి సామాన్లతోపాటు ఆ సీనీని కూడా చింతపండు, బూడిద వేసి బలంగా తోమేశాను. మెరవాలని. మెరిసింది కాదు, తెల్లబడింది. నలుపంతా పోయి, గసగసాల పూలు ఎక్కడున్నాయో వేలితో తడిమితే తప్ప తెలియలేదు. దాదీమా చూసి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత కొబ్బరినూనె రాసి చూసింది. రంగు రాలేదు.

అప్పటి నుంచి ఆ సీనీ మర్దానాకు వెళ్ళలేదు. మెహమాన్‌ల ముందు పెట్టే మొహం దానికి లేదు మరి. బావర్చీఖానాలోనే ఉండిపోయింది. మగవాళ్ళు లేచాక దాదీమా, మా అమ్మీ, ఫూఫీలు, పక్కింటి ఖాలా దాన్ని మధ్యలో పెట్టుకుని ఆకులు చుట్టుకునేవారు, సుపారీ కత్తిరించుకునేవారు. పోను పోను రొట్టెలు, ఉల్లిపాయలు కూడా ఆ పక్కనే ఇంకో తట్టలోకి చేరాయి. కూర్చుని తినడం మొదలైంది. ఎవరూ నిర్ణయించి చేసింది కాదు. సీనీ అక్కడుంది, దాని చుట్టూ కూర్చున్నారు. వాళ్ళు అంత బేతకల్లుఫ్‌గా నవ్వడం నేను అక్కడే మొదటిసారి విన్నాను.

కాబట్టి చెక్కపలక చూసి నవ్వినందుకు నాకు కాస్త సిగ్గేసింది. తకరార్ ఒక్కటే మిగిలింది నాకు. ఆ పలకల మీద ఫోటోల కోసం పేర్చే పూలరెక్కలు తినడానికి పనికిరావు, చోటు దండగ. తడి చెక్క మీద దహీవడ నేరుగా పెడితే వాసన వదలదు. మా కోడలు కటోరీలు వాడింది, షాబాష్.

మగ్‌రిబ్ అజాన్ వినబడింది. ఆమె సహేలీల మధ్యే కూర్చుని ఖజూర్ నోట్లో వేసుకుంది. నమాజ్ అయ్యాక నేను అల్మారీ పైఅర నుంచి సీనీ దించి, నూనె గుడ్డతో తుడిచి, పాన్ బీడాలు పెట్టి ఆ బోర్డు పక్కన పెట్టాను.

"అమ్మీ, దీని డిజైన్ ఎక్కడ పోయింది?" అంది కోడలు.

"నేనే తోమేశాను" అన్నాను. "కొంచెం జరుగు."