రవీందర్ రెడ్డి శిల్పములు: పదార్థము, రూపము, రంగు

కుడతిని నుండి హంపికి పోవు తెలుగు యాత్రికుడు ఉగ్రనరసింహుని ఎదుట తప్పక నిలుచును. 1528లో కృష్ణదేవరాయల కాలమున ఒకే బండ నుండి చెక్కబడిన ఆ మూర్తి ఎత్తు సుమారు 6.7 మీటర్లు. అయినను చూపరిని నిలువరించునది ఎత్తు కాదు, వెలికి ఉబికిన ఆ కన్నులు. మన గ్రామదేవతలకు పసుపు కుంకుమలు పూసి లోహపు కన్నులు అమర్చుటలోను ఇదే భావము కలదు. మనము దేవతను చూచుట చాలదు; దేవత మనలను చూడవలెను.

ఆధునిక కళాశాలలలో నేర్చిన శిల్పులు మాత్రము చాలకాలము రంగును దూరముగానే ఉంచిరి. కంచు కంచువలెను, రాయి రాయివలెను కనబడవలెననునది పడమటి నుండి వచ్చిన నియమము. దానిని బాహాటముగా విడిచిన తెలుగు శిల్పి జి. రవీందర్ రెడ్డి. ఆయన 1956లో సూర్యాపేటలో జన్మించిరి. బరోడాలోను, పిమ్మట లండనులోను విద్య నేర్చి, 1990 నుండి విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వవిద్యాలయములో శిల్పము బోధించిరి.

ఆయన పద్ధతి ఉలిపని కాదు. తొలుత బంకమట్టితో తల దిద్ది, దానికి అచ్చు తీసి, ఆ అచ్చులో ఫైబర్‌గ్లాస్, రెసిన్ పొరలు పరచుదురు. కంచుతో మోయరాని బరువగు తల ఇందువలన డొల్లగా, తేలికగా వచ్చును. అటుపై మోటారు బండివలె నిగనిగలాడు రంగు; కొన్నిటికి బంగారు రేకు. చేతి గుర్తు ఒక్కటియు మిగులదు. ఇది బొమ్మల కొలువు సొగసేకాని శిల్పము కాదనువారు ఉండవచ్చును. కాని రంగు తీసివేసినచో ఆ విప్పారిన తెల్లని కన్నులకు చూపే ఉండదు. ఇచట రంగు అలంకారము కాదు, రూపములోని భాగము.

1996లో న్యూయార్కు ఆసియా సొసైటీ ఏర్పరచిన సమకాలీన ఆసియా కళాప్రదర్శనలో ఈ శిల్పములకు స్థానము లభించినది. అయినను వీనిని గుర్తుపట్టుటకు తెలుగువారికి విమర్శకుని సహాయము అక్కరలేదు. నరసింహుని చూపులో ఉగ్రత కలదు; ఈ స్త్రీల చూపులో కోపము లేదు, కరుణ లేదు. ముందు నుండి చూచిన దేవతవలె నిశ్చలముగా ఉన్న ఆ తలను చుట్టి వెనుకకు పోవలెను. అచట బరువైన కొప్పు, దానిలో ఒక్కొక్కటిగా చేసి అమర్చిన పూలు కనబడును. అవి సంతకు బయలుదేరిన పొరుగింటి ఆమెవి.