నాలుగు సాంచెలు, ఒక ఇల్లున్న బండి

పోయినేడు మా ఎనిమిది సాంచెల్లో నాలుగు తీసేశాం. పాత సాంచెలను సాంచెలుగా ఎవరూ కొనరు, తుక్కు కింద కిలోల లెక్కన తూచుకొని పోతారు. వాటితో పాటు సగం గాలా కూడా అమ్మాం. అప్పులు తీర్చి, పిల్లల వాటా పిల్లలకు ఇచ్చాక కొంత పైకం మిగిలింది. దాంతో ఏం చేయాలన్న మాట వచ్చినప్పుడు మాలో ఒకరు, "పడుకునేటందుకు, వండుకునేటందుకు వీలుండే బండి కొందాం. నలభై ఏండ్లు సాంచెల చప్పుడు విన్నం, ఇగ ఊర్లు చూద్దాం" అన్నారు. రెండోవారు వెంటనే ఔననలేదు, కాదని కూడా అనలేదు. కొడుకు మాత్రం, "నాయనా, గా పైసలతో నాలుగు కొత్త సాంచెలకు అడ్వాన్సు కట్టొచ్చు" అన్నాడు. వాడన్నది తప్పు కాదు. అందుకే ఆ మాట ఏడాది పాటు ఇంట్లో నలిగింది.

మేముండేది పూర్ణలో. ఠాణే నుంచి భివండీకి వచ్చే పాత ఆగ్రా రోడ్డు మీద కశేళీ, కాల్హేర్ దాటాక వస్తుంది. ఒకప్పుడు వరి పొలాలు, ఇప్పుడు వరసగా గోదాములు. రాత్రి పూట ఆ గోదాముల ముందు లారీలు నిలబడి ఉంటాయి. డ్రైవర్లు క్యాబిన్ పక్కన స్టవ్ ముట్టించి పప్పు చేసుకుంటారు, లోపలే పడుకుంటారు, పొద్దున డబ్బా నీళ్లతో స్నానం చేస్తారు. బండిలో బతకడమంటే అమెరికా ముచ్చట అనుకునేవాళ్లు ఒకసారి మా గల్లీ చివరికి వచ్చి చూడాలి.

మా వంశంలో బండిలో బతకడం కొత్త కాదు. తాత సిరిసిల్ల పక్క పల్లె నుంచి భివండీకి బయలుదేరింది ఎడ్లబండిలోనే. ఆ బండి కామారెడ్డి స్టేషన్ దాకా వచ్చింది. అక్కడి నుంచి మీటర్ గేజ్ రైలు నిజామాబాద్, నాందేడ్, ఔరంగాబాద్ మీదుగా మన్మాడ్ చేర్చింది. మన్మాడ్‌లో పెద్ద లైను రైలు మారి కళ్యాణ్‌లో దిగాడు. చేనేత మగ్గం మీద కూర్చున్న మనిషి ఇక్కడికొచ్చి కరెంటు మగ్గం ముందు నిలబడ్డాడు. కూర్చొని చేసే పని నిలబడి చేసే పనైందని ఆయన చివరిదాకా చెప్పుకునేవాడు. పద్మనగర్‌లో, కామత్‌ఘర్‌లో ఉన్న మనవాళ్లలో చాలామంది ఇళ్లల్లో ఇదే కథ, ఊరి పేర్లే తేడా.

కానీ అవ్వ ఎప్పుడూ చెప్పింది రైలు గురించి కాదు, మేడారం బండి గురించి. రెండేండ్లకోసారి మాఘ పున్నమికి సమ్మక్క సారలమ్మ జాతర. వాళ్ల పల్లె నుంచి బండ్లు వరసగా కట్టుకొని పోతే వారానికి పైనే పట్టేదట. వెదురు బద్దలు వంచి, మీద చాపలు కప్పి గూడు కట్టేవాళ్లు. లోపల గడ్డి పరిచి, దాని మీద గొంగడి. బియ్యం, పప్పు, చింతపండు మూటలు ఒక పక్క, అమ్మలకిచ్చే బెల్లం, అదే 'బంగారం', ఇంకో పక్క. బండి కింద వేలాడే లాంతరు, ఇరుసుకు రాయడానికి కందెన డబ్బా, ఎడ్లకు జొన్న సొప్ప. పొద్దుగూకితే వాగు దగ్గర బండ్లు విడిచి, మూడు రాళ్ల పొయ్యి పెట్టి అందరి వంటా ఒక్కచోటే వండేవాళ్లు. ముసలివాళ్లు, పిల్లలు గూట్లో పడుకుంటే మగవాళ్లు బండి కింద పడుకునేవాళ్లు. ఇప్పుడు బండి కొనేవాళ్లు అడిగే ప్రశ్నలన్నీ అక్కడ ఉన్నాయి. పడక ఎక్కడ, నీళ్లెక్కడ, బరువెంత, రాత్రి ఎక్కడ ఆపాలి? వాటికి ఏ పుస్తకమూ లేకుండా జవాబులు చెప్పుకున్నారు.

కలిగినవాళ్ల ప్రయాణం వేరే రకం. ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీ. 1830 మేలో పల్లకీలు, గుడారాలు, వందమంది దాకా పరివారంతో కాశీకి బయలుదేరి హైదరాబాదు, నాగపూరు మీదుగా వెళ్లి, 1831 సెప్టెంబరులో తిరిగి మద్రాసు చేరాడు. ఆయన కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చయింది. ఆ పుస్తకంలో మమ్మల్ని పట్టుకున్నది గుళ్ల వర్ణన కాదు. ఏ మజిలీలో ఏ సామాను దొరుకుతుంది, గుడారం వేసుకునే జాగా ఉందా, దారి ఎట్లా ఉంది అని ఆయన పట్టుబట్టి రాసిన తీరు. ప్రయాణం కష్టమంతా మజిలీలోనే ఉందని ఆయనకు తెలుసు.

ఇంగ్లండులో నౌకాదళ వైద్యుడిగా చేసి విరమించిన గోర్డన్ స్టేబుల్స్ అనే ఆయన 1885లో రెండు గుర్రాలు లాగే ఇల్లొకటి కట్టించుకొని, దానికి వాండరర్ అని పేరు పెట్టి స్కాట్లండు దాకా తిరిగాడు. దారి చూడ్డానికి ముందు ఒక నౌకరు మూడు చక్రాల సైకిల్ మీద పోయేవాడట. 1951 నుంచి జర్మనీలో వెస్ట్‌ఫాలియా సంస్థ ఫోక్స్‌వ్యాగన్ వ్యానులో పడక, అల్మరా అమర్చి అమ్మింది. మామూలు జంట కొనుక్కోగల బండి అప్పటి నుంచే అని చెప్పుకోవచ్చు. మా ఇంటి దారిలో వ్యాను వచ్చింది పుణె నుంచి. బజాజ్ టెంపో వారి మెటడోర్ 1969లో, ట్రావెలర్ 1987లో బయటికి వచ్చాయి. ఆ సంస్థ పేరు తర్వాత ఫోర్స్ మోటార్స్ అయింది. మెటడోర్‌లో మా తాకాలు బజారుకు పోయేవి. మా పెండ్లయిన కొత్తలో ఒకసారి సేటు బండి ఖాళీగా తిరిగొస్తుంటే అందులో గోనెల మీద పడుకొని నాసిక్ నుంచి వచ్చాం. లెక్కకు అదే మా మొదటి క్యాంపర్ ప్రయాణం.

ఆ తర్వాత అన్నీ రాత్రి బస్సులే. భివండీ నుంచి కరీంనగర్ వైపు పోయే ప్రైవేటు బస్సులు మన తెలుగువాళ్లందరికీ తెలిసినవే. ఈ బస్సుల గురించి మగవాళ్లు చెప్పే కథల్లో సినిమా, ధాబా, దారిలో టైరు పేలడం ఉంటాయి. ఆడవాళ్ల కథ ఒక్కటే, మధ్యాహ్నం నుంచి నీళ్లు తాగకపోవడం. బస్సు ఎక్కడ ఆగుతుందో తెలియదు. ఆగినచోట ఆడవాళ్లకు మరుగు ఉంటుందో ఉండదో తెలియదు. మా ఇంట్లో ఇరవై ఏండ్లు ఆ మాట ఎవరూ పైకి అనలేదు. బండి ముచ్చట వచ్చినప్పుడు మాలోని ఆడమనిషి మొదటిసారి అన్నది: "పడక, పొయ్యి, ఫ్రిజ్జు తర్వాత. బండిలో లెట్రిన్ లేకుంటే నేను రాను." మా ఎంపిక మొత్తం అక్కడ మలుపు తిరిగింది.

అప్పటిదాకా మేం మూడు రకాలు చూస్తున్నాం. కారు వెనక కట్టుకొని లాగే ట్రెయిలర్ మొదటిది. దాన్ని ఎక్కడైనా విడిచి కారులో తిరగొచ్చు, అది దాని గుణం. కానీ అంజూర్ ఫాటా దగ్గర సాయంత్రం ఒట్టి కారు తిప్పడమే గండం, తోకతో తిప్పడం మా వయసుకు కాదు. జీపు కప్పు మీద విప్పుకునే గుడారం రెండోది. చవకే, కానీ నిచ్చెన ఎక్కాలి. సాంచెల ముందు పన్నెండేసి గంటలు నిలబడ్డ మోకాళ్లు ఒప్పుకోవు. మిగిలింది వ్యాను. నిలబడే ఎత్తున్న వ్యాను తీసుకొని లోపల ఇల్లు అమర్చడం. హ్యూస్టన్‌లో ఉన్న మేనల్లుడు ముప్పై అడుగుల బండి ఫొటోలు పంపాడు. వాళ్లకు ప్రతి పార్కులో కరెంటు ప్లగ్గు, నీళ్ల పంపు, మురికి వదిలే గుంత ఉంటాయి. మనకు కారవాన్ విధానాలు ఇటీవలి సంగతి, మహారాష్ట్రదీ కేరళదీ 2021లో వచ్చాయి. బండి మోసుకుపోగలిగిందే మనకు దిక్కు.

కొనేముందు రెండు రాత్రులకు ఒకటి అద్దెకు తీసుకొని మాల్షేజ్ ఘాట్‌కు పోయాం. కొనాలనుకునే ప్రతివాళ్లూ ఈ పని చేయాలని మా గట్టి అభిప్రాయం. ఇచ్చినాయన "ఏసీ రాత్రంతా నడుస్తది" అన్నాడు. అర్ధరాత్రి కాకముందే చీకటైంది. తెల్లారి కూర్చొని కాగితం మీద లెక్క వేశాం. 12 వోల్టుల 100 ఆంపియర్-అవర్ బ్యాటరీ అంటే 1,200 వాట్-అవర్లు. సీసం బ్యాటరీని సగానికి మించి దించితే తొందరగా చెడుతుంది కాబట్టి చేతికొచ్చేది 600. ఒక టన్ను ఏసీ గంటకు 1,000 దాకా తింటుంది, అంటే 36 నిమిషాలు. ఆ బండిలో అట్లాంటి బ్యాటరీలు రెండున్నా గంటా పావుకు మించదు. అదే 25 వాట్ల ఫ్యాను పది గంటలకు 250, లైట్లకు 40, సగం సేపు తిరిగే 45 వాట్ల చిన్న ఫ్రిజ్జుకు 225 అనుకుంటే మొత్తం 515. ఒక్క బ్యాటరీతో రాత్రి గడుస్తుంది. ఏసీ వద్దు, పైన గాలి లాగే ఫ్యాను, రెండు వైపులా దోమతెర కిటికీలు చాలనుకున్నాం. ఎండాకాలం ప్రయాణం ఎట్లాగూ చేయం.

నీళ్లదీ ఇదే తీరు. లీటరు నీళ్లు కిలో బరువు. ఇద్దరికి తాగేందుకు, వంటకు, గిన్నెలకు, చెరొక బకెట్టు స్నానానికి, మరుగుకు కలిపి రోజుకు 50 లీటర్లు పెట్టుకున్నాం. 100 లీటర్ల ట్యాంకు అంటే రెండు రోజులు, వంద కిలోలు. ఆ బరువు వెనక ఇరుసుకు అవతల వేలాడితే ఘాట్‌లో బండి ముందు భాగం తేలిపోయి స్టీరింగు పట్టు ఇవ్వదు. రెండు ఇరుసుల మధ్య, కింద ఉండాలి. అవ్వ బియ్యం మూటలు బండి నడిమధ్యన పెట్టించేదట, ముందుకు పెడితే కాడి ఎడ్ల మెడ మీద కూర్చుంటదని, వెనక్కు పెడితే నొగలు లేస్తాయని.

చట్టం సంగతి చాలామంది దాటేస్తారు. కొన్న వ్యానును ఇష్టమొచ్చినట్టు కోసి మార్చడం కుదరదు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ దానికి అడ్డు. ఆమోదం ఉన్నచోట కట్టించి, ఆర్‌సీలో మోటార్ కారవాన్ అని రాయించుకోవాలి. లేకుంటే ప్రమాదం జరిగిన రోజు బీమా వాళ్లతో పేచీ తప్పదు. స్థూల బరువు 7,500 కిలోలు మించకుంటే మామూలు లైట్ మోటార్ వెహికల్ లైసెన్సు సరిపోతుంది.

లెట్రిన్ ఖరారయ్యాక రెండో గొడవ పొయ్యి గురించి. లోపల వంటగది పెట్టిద్దామని మాలోని మగమనిషి మురిపెంగా బొమ్మ గీశాడు. జవాబు ఇది: "ఇంట్ల వండుడు, బండ్ల కూడా వండుడేనా? మరి నేను చూసేటియి ఎప్పుడు?" ఆ బొమ్మ మడిచి పెట్టేశాం. ఇప్పుడు పొయ్యి బండి బయట, వెనక తలుపు దగ్గర లాగితే వచ్చే బల్ల మీద ఉంటుంది. పొద్దున చాయ్, ఉప్మా మగవాడి పని, మధ్యాహ్నం ధాబా. రాత్రికి ఎవరికి ఓపికుంటే వాళ్లు. జాతరలో మూడు రాళ్ల పొయ్యి దగ్గర కూడా మగవాళ్లు వండేవాళ్లని అవ్వ చెప్పిన మాట సాక్ష్యంగా పనికొచ్చింది.

చివరికి ఆరేండ్లు వాడిన ఎత్తు కప్పు ట్రావెలర్ ఒకటి చూసుకున్నాం. కొత్తదానికి పోతే మిగిలిన నాలుగు సాంచెల మీద అప్పు తేవాల్సి వచ్చేది, దానికి ఇద్దరం ఒప్పుకోలేదు. కొడుకు ఇంకా ముఖం ముడుచుకొనే ఉన్నాడు గానీ, ఇంజను చూడ్డానికి మాతో వచ్చి టైర్ల తయారీ తేదీలు చదివింది వాడే. రెండు టైర్లు మార్చాలన్నాడు, ఆ డబ్బు బేరంలో తగ్గించాం. కట్టడం పని ఇంకో నెల ఉందంటున్నారు.

మొదటి ప్రయాణం ఎటన్నది వెతకనక్కర లేకపోయింది. 61వ నంబరు జాతీయ రహదారి మా భివండీ దగ్గరే మొదలై కళ్యాణ్, ముర్బాడ్, మాల్షేజ్ ఘాట్, అహ్మద్‌నగర్, పర్భణీ, నాందేడ్ దాటి నిర్మల్ వైపు పోతుంది. రాత్రి బస్సులో నిద్రపోతూ మనం ఎన్నడూ పట్టించుకోని ఊళ్లు అవన్నీ. పగలు పోతాం, రాత్రి ఆగుతాం. నిర్మల్ నుంచి కుడికి తిరిగి సిరిసిల్ల, అక్కడి నుంచి వచ్చే జాతరకు మేడారం. లాంతరు తాతది ఇంకా అటక మీద ఉంది, గాజు పగిలింది. కామత్‌ఘర్‌లో ఒక దుకాణంలో ఆ సైజు గాజు ఉందట, ఆదివారం పోయి చూడాలి.