తెరచాప పలకపై గాలిగంతు



తెరచాప యెత్తి సముద్రములు దాటిన వర్తకుల కథలు మన పెద్దలు చెప్పగా విన్నాము. ఓడ లేకుండ, ఒక్క పలకమీద నిలిచి, తెరచాపను చేతులతో పట్టుకొని, అలను మెట్టుగా చేసికొని పైకెగిరి, గాలిలో పిల్లిమొగ్గ వేసి మరల నీటిపై దిగు మనుష్యుల కథ మాత్రము క్రొత్తది. ఈ క్రీడను విండుసర్ఫింగు అందురు. ఇది యెట్లు పుట్టెనో, ఇందు ఎగురు విద్య యెట్లు వచ్చెనో నేడు మనవి చేయుదును.

ముందుగా ఆ పలక సంగతి. సాధారణముగా పడవలలో తెరకొయ్యను కదలకుండ బిగింతురు. దిక్కు మార్చుటకు చుక్కాని యుండును. ఈ పలకకు చుక్కాని లేదు. తెరకొయ్య అడుగున అన్ని ప్రక్కలకు వంగు కీలు కలదు. పలకపై నిలిచినవాడు తెరచాపను ముందునకు వంచిన పలక ముక్కు గాలికి పెడగా తిరుగును. వెనుకకు వంచిన గాలికి ఎదురుగా తిరుగును. మనిషియే తెరకొయ్యకు ఆధారము, మనిషియే చుక్కాని.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున జిమ్ డ్రేక్ అను విమాన యంత్రశాస్త్రజ్ఞుడును, హాయిల్ ష్వైట్జర్ అను వ్యాపారియు కలిసి ఇట్టి పలకను చేసి, 1968లో పేటెంటునకు దరఖాస్తు పెట్టి, 1970లో దానిని పొందిరి. కాని అంతకుముందే 1965లో న్యూమన్ డార్బీ అను అమెరికను తన తెరచాప పలకను గూర్చి ఒక పత్రికలో ప్రకటించియుండెను. ఇంగ్లండునందు పీటర్ చిల్వర్స్ అను పండ్రెండేండ్ల బాలుడు 1958లోనే అట్టిదానిని చేసికొని ఆడుకొనెను. ఈ బాలుని ఆట తరువాత న్యాయస్థానమున సాక్ష్యమై నిలిచినది. 1985లో అచ్చటి అప్పీలు కోర్టు బ్రిటను పేటెంటు చెల్లదని తీర్పు చెప్పెను.

పలక యెవరిదను వివాద మట్లుండగా, ఎగురు విద్య హవాయి ద్వీపములలో, ఏ పేటెంటును లేని ఆటగాండ్ర నడుమ పుట్టినది. అచ్చటి అలలు పెద్దవి, గాలి యెడతెగనిది. 1974, 1975 సంవత్సరములలోనే మైక్ హోర్గన్, లారీ స్టాన్లీ మున్నగువారు అలపైనుండి ఎగురుచుండిరి. కాని ఆనాటి పలక పండ్రెండడుగుల పొడవు గలది, మిక్కిలి బరువైనది. గాలిలోనికి లేవగానే మనిషి ఒకవైపునకు, పలక మరొకవైపునకు పోవుచుండెను. కాళ్లకు దెబ్బలు తగులుచుండెను, పలకయు చెడుచుండెను. అది ఎగురుట కాదు, విసరివేయబడుట.

వారు పరిశోధనార్థము చేసిన ఒక చిన్న పలకకు పాదములు దూర్చుటకు పట్టెలుండెను. ఆ పట్టెలు ఎగురుటకును పనికివచ్చునని స్టాన్లీకి 1978లో స్ఫురించెను. అప్పటినుండి పలక పాదమును విడువలేదు. మనిషి తన ఇష్టానుసారము గాలిలో పలకను త్రిప్పి, నీటిపైకి దింపగలిగెను. ఒక చిన్న పట్టె చరిత్రనే మార్చినది. కాలికి కట్టుబాటు వచ్చిన పిమ్మటనే మనిషికి ఆకాశమున స్వేచ్ఛ వచ్చినదని నేననుకొందును.

తరువాత పలకలు పొట్టివై తేలికయ్యెను. గాలికెదురుగా వెనుకకు తిరుగు మొగ్గలు వచ్చెను. ముందునకు తిరుగు మొగ్గను 1980ల మధ్యకాలమున ఇటలీ దేశస్థుడగు చేజారే కంతగల్లి ప్రసిద్ధికి తెచ్చెను. ఇందలి రహస్యము కండబలము కాదు. వేగముగా వచ్చి ఎగిరినవాడు పలకను గాలి పోవు దిశకు మరల్చి, ముందుచేయి చాచి, వెనుకచేతితో తెరచాపను తనవైపునకు లాగి, కాళ్లు ముడిచి, తల త్రిప్పి వెనుక భుజముమీదుగా చూడవలెను. అప్పుడు తెరచాపలో నిండిన గాలియే వానిని చుట్టు త్రిప్పును.

చెప్పుట సులువే. కాని క్రిందికి చూచి భయపడి, చాపను వదలి దేహమును చాచినవాడు సగము తిరిగి వెన్నుమీద పడును. ఈ విద్యలో పూనికకంటె సగము పూనికయే ప్రమాదము. అందుచేత తెలిసినవారు మొదట పెద్ద అలలకు పోక, చిన్న చిన్న తరగలపై, తలకు టోపీకవచము, రొమ్మునకు దట్టమైన చొక్కాయి తొడిగి సాధన చేయుదురు.

కానరీ ద్వీపములలో పోజో అను తీరగ్రామము తీవ్రమైన గాలికి పేరుపొందినది. అచ్చట సాధన చేసిన డైడా, ఇబాల్లా రువానో మొరేనో అను కవల సోదరీమణులు అనేక పర్యాయములు ప్రపంచ విజేతలైరి. ఈ విద్య మగవారి సొత్తు కాదనుటకు వారే నిదర్శనము.

పలక యెవరిదని న్యాయస్థానములు విచారించినవి; పట్టె యెవరిదని యెవరును వ్యాజ్యెమాడలేదు. ఒకడు దెబ్బ తిని తెలిసికొన్నది ప్రక్కవాడు దెబ్బ తినకుండ నేర్చెను. మన చేనిలోను, మగ్గము వద్దను, పడవలోను విద్య తరతరములుగా వచ్చినదియు ఈ త్రోవనే కదా!