కత్తికి ముందు ఒక పరీక్ష

మా పెదనాన్నగారు కడుపులో గడ్డతో పోయారని మా ఇంట్లో చెప్పుకునేవారు. అంతకుముందు మా నాయనమ్మ కూడా అలాగే పోయిందట. క్యాన్సర్ అన్న మాట మాత్రం ఎవరి నోటా రాలేదు. మిషిగన్ వచ్చి పెథాలజీ చదువుకునే రోజుల్లో గాని ఆ రెండు చావులకూ సంబంధం ఉండవచ్చునని నాకు తోచలేదు.

ఆ కథకు మొదలు కూడా మిషిగన్‌లోనే. 1895లో యాన్ ఆర్బర్ పెథాలజిస్టు ఆల్డ్రెడ్ వార్తిన్‌తో, తమ వంశంలో అందరిలాగే తానూ క్యాన్సర్‌తోనే పోతానని ఒక కుట్టుపని చేసుకునే ఆవిడ చెప్పింది. అలాగే జరిగింది. వార్తిన్ ఆ వంశవృక్షాన్ని 1913లో ప్రచురించారు. తర్వాత ఒమాహాలో హెన్రీ లించ్ ఇలాంటి కుటుంబాలపై దశాబ్దాలు పనిచేశారు. అందుకే ఈ జబ్బుకు లించ్ సిండ్రోమ్ అని పేరు.

కణం విడిపోయేటప్పుడు డి.ఎన్.ఏ. నకలులో తప్పులు దొర్లుతాయి. వాటిని సరిచేసే జన్యువులు చెడితే, ప్రూఫులు దిద్దని సావనీరులా తప్పులు పేరుకుపోతాయి. అన్ని తప్పులున్న కణాన్ని మన రోగనిరోధక శక్తి పరాయిదని గుర్తుపట్టాలి. కాని గడ్డ దాని బ్రేకు నొక్కి పెడుతుంది.

రోగనిరోధక శక్తిని క్యాన్సర్‌పైకి ఉసిగొల్పాలని న్యూయార్క్ సర్జన్ విలియం కోలీ 1891లోనే ప్రయత్నించారు. బ్రేకుల సంగతి తేల్చిన జేమ్స్ ఆలిసన్, తసుకు హొంజోలకు 2018లో నోబెల్ వచ్చింది. దిద్దుబాటు లోపం ఉన్న గడ్డలకు బ్రేకు విప్పే మందు బాగా పనిచేస్తుందని 2015లో జాన్స్ హాప్కిన్స్ వైద్యులు చూపారు.

2024లో నెదర్లాండ్స్ వైద్యులు అలాంటి పెద్దపేగు క్యాన్సర్ రోగులు 111 మందికి ఆపరేషన్‌కు ముందు కొద్ది వారాలు ఈ మందులిచ్చిన ఫలితాలు ప్రకటించారు. కోసి చూస్తే 68 శాతం మందిలో క్యాన్సర్ కణమే మిగలలేదు. 2025లో న్యూయార్క్ స్లోన్ కెట్టరింగ్ వైద్యులు ఆరు నెలల డోస్టార్లిమాబ్ ఫలితాలు ప్రకటించారు. పురీషనాళంలో గడ్డ ఉన్న 49 మందికీ అది మాయమైంది. పెద్దపేగు మొదలైన ఇతర అవయవాల రోగులు 54 మందిలో 35 మందికి మాయమైంది, వారిలో 33 మంది ఆపరేషన్ వద్దనుకున్నారు.

ఇది అందరికీ కాదు. పెద్దపేగు క్యాన్సర్లలో ఈ లోపం ఉన్నవి నూటికి సుమారు 15. మిగతావారికి కత్తే మొదటి వైద్యం. ఈ మందు థైరాయిడ్‌నూ, పేగులనూ దెబ్బతీయవచ్చు కూడా.

రెండేళ్ళ క్రితం తెనాలి నుంచి మా అన్నయ్య, పెదనాన్నగారబ్బాయి, ఫోన్ చేశాడు. పెద్దపేగులో గడ్డ, వారంలో ఆపరేషన్. బయాప్సీ ముక్కపై ఆ పరీక్ష చేయించమన్నాను. లోపం ఉంది. మందు సంగతి మాట్లాడుతుండగానే పేగు మూసుకుపోయి, కత్తి తప్పలేదు. కాని ఆ కాగితం చూసి డాలస్‌లోని వాడి కూతురు పరీక్ష చేయించుకుంది. తనకూ ఆ జన్యువు వచ్చింది. కొలొనోస్కోపీలో దొరికిన పాలిప్‌ను అక్కడికక్కడే తీసేశారు. నేనూ చేయించుకున్నాను, నాకు రాలేదు.

ఈ మూడు రోజుల సంబరాల్లో పిన్నమ్మలు, బాబాయిలు కలుస్తారు. మన పెద్దలు దేనితో పోయారో ఒక్కసారి అడగండి. కడుపులో గడ్డ అంటే, ఏ గడ్డ అని కూడా అడగండి.