రహీం సాబ్ తర్వాత ఎవరు?

ఫుట్‌బాల్ జట్టును నడిపే మనిషిని ఎవరు నియమించాలి, ఆయన వెళ్లిపోతే ఆ స్థానంలోకి ఎవరు రావాలి అన్న వాదోపవాదాలు ఐరోపా నగరాల్లో ఆటతో పాటే పెరిగి పెద్దవి కాగా, హైదరాబాద్‌లోనూ, దానికి సుమారు వంద కిలోమీటర్ల దూరంలో రాజీవ్ రహదారి మీద ఉన్న సిద్దిపేటలోనూ అవి చాలా ఆలస్యంగా మొదలయ్యాయి. బ్రిటిష్ క్లబ్బుల్లో ఆ మనిషిని మేనేజర్ అంటారు. ఆటగాళ్ల ఎంపిక, ఆట పన్నాగం, చాలాకాలం పాటు ఆటగాళ్ల కొనుగోలు కూడా ఆయన చేతిలోనే ఉండేవి. మన బడి జట్ల వ్యవహారంలో మాత్రం మేనేజర్ అంటే పిల్లలను వెంటబెట్టుకుని పోయి, బస, భోజనం, రైలు టిక్కెట్లు చూసుకునే ఉపాధ్యాయుడు. ఆట నేర్పేవాడు కోచ్, లేదా ఊళ్లో అందరూ పిలిచినట్టు పీఈటీ సార్. కాబట్టి ఇక్కడి చరిత్రకు కోచ్ అన్న మాటే సరిపోతుంది.

1956 వరకు సిద్దిపేట హైదరాబాద్ రాష్ట్రంలోని మెదక్ జిల్లాలో ఉండేది. అది జిల్లా కేంద్రమైంది 2016 అక్టోబరు 11న. హైదరాబాద్ రాష్ట్రంలో పెద్ద స్థాయి ఫుట్‌బాల్ దాదాపుగా రాజధాని నగరానికి, సికింద్రాబాద్ కంటోన్మెంటుకు పరిమితమైన ఆట. దానిని పోషించినవి టిక్కెట్టు కొని చూసే జనం డబ్బు మీద బతికే క్లబ్బులు కావు, ఉద్యోగాలిచ్చే సంస్థలు, ముఖ్యంగా పోలీసు శాఖ, సైనిక కేంద్రాలు. ఆట బాగా వచ్చిన కుర్రవాడికి పోలీసు ఉద్యోగం దొరికేది, ఆ ఉద్యోగమే అతని జీతం, అతని పింఛను, అతని జట్టు కూడా. ఇటువంటి ఏర్పాటులో కోచ్‌ను నియమించేది శాఖ. మైదానం అంచున నిలబడి చూసే ప్రేక్షకుడికి ఆట మీద ఎంత అభిప్రాయమైనా ఉండవచ్చుగాని, నియామకం విషయంలో అతని మాటకు చోటు లేదు, అతను అడిగినదీ లేదు.

అడగవలసిన అవసరం రాకపోవడానికి కారణం ఒక్క మనిషి. 1909లో హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, బడి పంతులుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి అయ్యారు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్ బాధ్యత తీసుకుని, 1963 జూన్ 11న క్యాన్సర్‌తో మరణించే వరకు ఆ రెండు పదవుల్లోనూ కొనసాగారు. అంటే స్థానికంగా పోటీలు నడిపే సంఘానికి కార్యదర్శి, ఆ పోటీల్లో అన్నిటికన్నా బలమైన జట్టుకు కోచ్ ఆయనే. పైగా అనేక ముఖ్యమైన పోటీలకు భారత జట్టు కోచ్ కూడా ఆయనే. నేటి కొలమానంతో చూస్తే ఒకే మనిషి చేతిలో ఇన్ని పగ్గాలు ఉండటం తప్పుపట్టవలసిన విషయమే. అయితే ఫలితాలు ఆ అభ్యంతరానికి నోరు లేకుండా చేశాయి: బొంబాయిలో జరిగిన రోవర్స్ కప్‌ను సిటీ పోలీస్ 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదుసార్లు గెలుచుకుంది, 1950లో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్‌ను కూడా తెచ్చింది.

రహీం పద్ధతిలో పంతులు కనబడతాడు. ఆయన పెట్టించిన కొన్ని స్థానిక పోటీల్లో బంతిని తన్నుకుంటూ ప్రత్యర్థులను తప్పించుకుపోవడం, అంటే డ్రిబ్లింగ్, నిషిద్ధం. మరికొన్నింటిలో ఆటగాడు తనకు అలవాటు లేని కాలితోనే ఆడాలి. మొదటిదానివల్ల బంతిని వెంటనే పక్కవాడికి అందించే అలవాటు, రెండోదానివల్ల రెండు కాళ్లూ సమానంగా పనిచేసే నేర్పు ఏర్పడతాయి. ఎంపికలోనూ ఆయన కన్ను గట్టిది. సికింద్రాబాద్ శివారు అమ్ముగూడకు చెందిన పేద కుర్రవాడు తులసీదాస్ బలరాం నగరంలో శిక్షణకు రోజూ రాలేకపోతే, సైకిలు అద్దెకు తీసుకునేందుకు డబ్బు ఇచ్చి రప్పించారు. ఆ కుర్రవాడే 1956లో మెల్‌బోర్న్‌లోనూ 1960లో రోమ్‌లోనూ ఒలింపిక్స్ ఆడి, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన జట్టులో ఉన్నాడు. ఆ తరానికి ఆయన రహీం సాబ్.

రహీం ఎప్పుడూ ఓడలేదని దీని అర్థం కాదు. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఇరాన్‌ను ఒక గోలుతో ఓడించి స్వర్ణం తెచ్చిన ఆయన జట్టే, మరుసటి ఏడు హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో చిత్తయింది. ఈ రోజుల్లో ఒక కోచ్‌కు అలాంటి ఫలితం ఎదురైతే ఆ రాత్రికే ఆయన స్థానంలోకి అయిదారు పేర్లు చలామణిలోకి వస్తాయి. అప్పుడు మాత్రం చర్చ కోచ్ మీద కన్నా ఆటగాళ్లలో పలువురు బూట్లు లేకుండా ఆడటం మీదికి మళ్లింది. మెల్‌బోర్న్‌కు వెళ్లే జట్టును మళ్లీ రహీంకే అప్పగించారు, ఆ జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగో స్థానం దాకా వెళ్లింది. కోచ్‌కు ఓటమి నుంచి నేర్చుకునే వ్యవధి ఇవ్వడం ఆనాటి జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య ఉద్దేశపూర్వకంగా పెట్టుకున్న విధానమో, ప్రత్యామ్నాయం లేక జరిగినదో చెప్పడం కష్టంగాని, ఫలితం మాత్రం ఆ వ్యవధి వృథా కాలేదనే చూపుతుంది. 1962 సెప్టెంబరు 4న జకార్తాలో దక్షిణ కొరియా మీద 2-1తో గెలిచిన ఫైనల్‌లో, తలకు దెబ్బ తగిలి కట్టుతో ఉన్న డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ముందు వరుసలో ఆడించి గోలు రాబట్టిన రహీం, అప్పటికే జబ్బు మనిషి.

ఆయన తర్వాత ఎవరన్న ప్రశ్న హైదరాబాద్‌లో నిజంగా పుట్టింది 1963లోనే. జాతీయ జట్టు 1964 ఆసియా కప్‌కు ఇంగ్లండుకు చెందిన హ్యారీ రైట్ నేతృత్వంలో వెళ్లి రెండో స్థానం తెచ్చుకుంది. హైదరాబాద్ ఆటగాళ్లు 1965-66లో ఆంధ్రప్రదేశ్ పేరుతో సంతోష్ ట్రోఫీ, అంటే రాష్ట్ర జట్ల జాతీయ పోటీ, గెలిచారుగాని, తర్వాతి కాలం దిగుడు కాలమే. మంచి ఆటగాడు పేరు రాగానే కలకత్తా బండెక్కేవాడు: 1957లో బలరాం ఈస్ట్ బెంగాల్‌కు పోయినట్టే, తర్వాత హబీబ్, నయీముద్దీన్ పోయారు. అన్ని పదవులూ ఒకరి చేతిలో ఉండటం వల్ల ఆయన పక్కన ఎదగవలసిన రెండో మనిషికి స్థానం లేకపోయిందని, శూన్యం అంత పెద్దదిగా తోచడానికి అది ఒక ముఖ్య కారణమని భావించడం అన్యాయం కాదు.

అయితే రహీం బడిలో పెరిగిన నేల కోచ్‌లను తయారుచేయలేదనడం పొరపాటు. తయారుచేసి బయటికి పంపింది. హైదరాబాద్‌లో పుట్టి, 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టుకు సారథి అయిన సయ్యద్ నయీముద్దీన్, కోచ్‌గా 1990లో ఈస్ట్ బెంగాల్‌కు ఐఎఫ్ఏ షీల్డ్, డ్యూరాండ్, రోవర్స్ మూడింటినీ ఒకే ఏడాది అందించి, అదే సంవత్సరానికి ద్రోణాచార్య పురస్కారం పొందారు. జాతీయ జట్టును వేర్వేరు విడతల్లో, చివరిగా 2005-06లో, నడిపారు. మరో హైదరాబాదీ షబ్బీర్ అలీ శిక్షణలో గోవా క్లబ్ సల్గావ్‌కర్ 1998-99 జాతీయ లీగ్ గెలుచుకుంది. వీరి నియామకాల గురించి, తొలగింపుల గురించి రచ్చ జరిగింది కలకత్తాలో, గోవాలో. సొంత నగరంలో వారిని కోరుకోవడానికి ఆ స్థాయి క్లబ్బే లేదు.

కలకత్తా పరిస్థితి వేరు. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ సభ్యత్వ సంఘాలుగా పెరిగిన క్లబ్బులు. చందా కట్టే సభ్యులు కార్యవర్గాన్ని ఎన్నుకునేవారు, కార్యవర్గం కోచ్‌ను పెట్టేది, కాబట్టి టీకొట్టు దగ్గరి గొణుగుడు ఎన్నికలదాకా పోగలిగేది. 1997 జూలై 13న సాల్ట్ లేక్ స్టేడియంలో ఫెడరేషన్ కప్ సెమీఫైనల్‌కు లక్షా ముప్పై వేలకు పైగా జనం వచ్చారంటే, వారు చూడవచ్చింది ఆటగాళ్లతో పాటు ఇద్దరు కోచ్‌లను కూడా: మోహన్ బగాన్ తరఫున వజ్రాకారపు వ్యూహాన్ని చాటిన అమల్ దత్తా, ఈస్ట్ బెంగాల్ తరఫున పి.కె. బెనర్జీ. భైచుంగ్ భూటియా మూడు గోల్స్‌తో ఈస్ట్ బెంగాల్ 4-1తో గెలవగా, ఆ వ్యూహం మీద వాదన ఆట ముగిసిన తర్వాత చాలాకాలం నడిచింది.

అలాంటి వాదన తెలంగాణకు 2019లో వచ్చింది. పుణె సిటీ క్లబ్ మూతపడటంతో దాని స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్‌లో అడుగుపెట్టింది. గచ్చిబౌలిలోని బాలయోగి స్టేడియం దాని సొంత మైదానమైంది, డెక్కన్ లీజియన్ పేరుతో అభిమానుల బృందం ఏర్పడింది. ఇది యజమానుల పెట్టుబడితో నడిచిన సంస్థ, అభిమానికి ఇందులో ఓటు లేదు, గొంతు మాత్రం ఉండేది. మొదటి కోచ్ ఇంగ్లండుకు చెందిన ఫిల్ బ్రౌన్‌ను వరుస ఓటముల తర్వాత 2020 జనవరిలో తొలగించారు, క్లబ్ అట్టడుగున నిలిచింది. తర్వాత వచ్చిన ఆల్బర్ట్ రోకా బార్సిలోనా పిలుపుతో వెళ్లిపోగా, 2020 ఆగస్టు చివరన మరో స్పెయిన్ దేశస్థుడు మనోలో మార్కెజ్ వచ్చారు. కొత్త పేరు విని పెదవి విరిచినవారికి ఆయన 2022 మార్చి 20న సమాధానం చెప్పారు: గోవా ఫటోర్డా స్టేడియంలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్ 88వ నిమిషంలో సాహిల్ తవోరా గోలుతో 1-1గా సమమై, పెనాల్టీల్లో గోల్‌కీపర్ కట్టిమణి మూడింటిని ఆపడంతో హైదరాబాద్ 3-1తో గెలిచింది.

ఇక్కడ సిద్దిపేటకు సంబంధించిన ఒక విశేషం ఉంది. కోవిడ్ కారణంగా 2020-21, 2021-22 లీగ్ ఆటలన్నీ గోవాలోనే జరిగాయి. గచ్చిబౌలిలో ఆట ఉన్న రోజుల్లో సిద్దిపేట అభిమాని రాత్రి ఏడున్నరకు మొదలయ్యే ఆటను చూసి, నగరాన్ని అడ్డంగా దాటి సికింద్రాబాద్ జూబ్లీ బస్ స్టేషన్ చేరి, ఇంటికి పోయే బస్సు దొరుకుతుందో లేదో అని లెక్కపెట్టుకోవలసి ఉండేది. సిద్దిపేట నుంచి సికింద్రాబాద్‌కు రైలు మొదలైంది 2023 అక్టోబరులో మాత్రమే. గోవా సీజన్లలో గచ్చిబౌలి అభిమానికీ సిద్దిపేట అభిమానికీ తేడా లేకపోయింది, ఇద్దరికీ జట్టు టీవీలోనో సెల్‌ఫోన్‌లోనో కనబడేది. కబడ్డీ, వాలీబాల్, క్రికెట్ ముందుండే ఊళ్లో ఫుట్‌బాల్ అభిమాని ఎక్కువగా తెర ముందు తయారైనవాడే. మాంచెస్టర్ యునైటెడ్‌లో 2013లో అలెక్స్ ఫెర్గూసన్ తప్పుకున్న తర్వాత వచ్చిన మోయెస్, వాన్ గాల్, మొరీన్యో వరుసను అప్పజెప్పగలవాడు, తన రాష్ట్రపు క్లబ్ కోచ్ గురించి మాట్లాడటం కూడా ఆ తెర మీదే నేర్చుకున్నాడు. మనోడు కావాలె అనేవారికీ, ఫారిన్ కోచ్ అయితేనే పని అవుతుంది అనేవారికీ మధ్య వాదన ఇక్కడ నుంచే పదును తేలింది. ఈ వాదనలో ఒక వింత ఉంది: మనోడు అంటే ఎవరో చెప్పమంటే, ఆ పక్షంవారు నయీముద్దీన్, షబ్బీర్ అలీల కన్నా చిన్నవారిలో పేరు చెప్పడానికి తడుముకుంటారు.

2023లో మార్కెజ్ గోవా క్లబ్‌కు వెళ్లిపోయారు. వచ్చిన ఐర్లండు కోచ్ కానర్ నెస్టర్ నిలవలేదు; జీతాల బకాయిలు, కొత్త ఆటగాళ్ల నమోదుపై ఫిఫా నిషేధం, విదేశీ ఆటగాళ్ల నిష్క్రమణ మధ్య బాధ్యత మోసిన థాంగ్‌బోయ్ సింగ్టో 2023-24లో ఇరవై రెండు ఆటలకు ఒక్క గెలుపుతో చివరి స్థానంలో నిలిచారు. డబ్బు లేని క్లబ్బులో కోచ్‌ను మార్చమనే వాదన చెరువు ఎండితే గాలాన్ని మార్చమనడం లాంటిది. అయినా అభిమాని కళ్లకు కనబడేది కోచే కనుక మాటలు ఆయనకే తగిలాయి. 2024 డిసెంబరులో సింగ్టో స్థానంలోకి శమీల్ చెంబకత్ వచ్చారు. 2025లో క్లబ్ ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. తర్వాతి కోచ్ ఎవరన్న చర్చ, చర్చించవలసిన జట్టే ఊళ్లో లేకపోవడంతో, మధ్యలో తెగిపోయింది. అజీజ్‌నగర్‌లో ఆడే శ్రీనిధి దక్కన్ 2022-23లోనూ 2023-24లోనూ ఐ-లీగ్‌లో రెండో స్థానం తెచ్చుకున్న మంచి జట్టే అయినా, హైదరాబాద్ ఎఫ్‌సీ అభిమానులు పూర్తిగా అటు మళ్లలేదు.

జాతీయ జట్టు విషయంలో మాత్రం చర్చ ఆగలేదు. 2024 జూలైలో భారత కోచ్‌గా నియమితులైన మార్కెజ్ తన మొదటి ఆటను, సెప్టెంబరు 3న మారిషస్‌తో గోల్స్ లేకుండా ముగిసినదాన్ని, గచ్చిబౌలిలోనే ఆడించారు. ఆరు రోజుల తర్వాత అక్కడే సిరియా 3-0తో గెలిచింది. ఏడాదికే ఆయన తప్పుకోగా, సమాఖ్య దరఖాస్తులు పిలిచింది. నూట డెబ్బై వచ్చాయి. వాటిలో షావి, పెప్ గార్డియోలా పేర్లతో వచ్చినవి అసలైనవి కావని సమాఖ్య చెప్పుకోవలసి వచ్చింది. వడపోత తర్వాత మిగిలిన మూడు పేర్లు ఖాలిద్ జమీల్, స్టీఫెన్ కాన్‌స్టంటైన్, స్టెఫాన్ తార్కోవిచ్. 2025 ఆగస్టు 1న జమీల్ నియమితులయ్యారు. 2012లో సేవియో మెడీరా వైదొలగిన తర్వాత ఆ పదవిలోకి వచ్చిన మొదటి భారతీయుడు ఆయనే. హైదరాబాద్ నుంచి ఆ కుర్చీలో చివరిగా కూర్చున్నది 2006లో నయీముద్దీన్, తుది మూడు పేర్లలో ఈ నగరానికి చెందినది ఏదీ లేదు.