పూర్వికుల ఊరి అన్వేషణ: తపాలా సూచికల సాక్ష్యం – వరంగల్ ప్రాంత పరిశీలన

ఊరిపేరే ఇంటిపేరైన కుటుంబాలు తెలుగునాట అనేకం. ఆ ఊరు ఎక్కడిదన్న ప్రశ్న మాత్రం తరచు వివాదాస్పదమవుతుంది. పోతన నివాసం గురించి ఓరుగల్లు ప్రాంతపు బమ్మెరకూ, కడప ప్రాంతపు ఒంటిమిట్టకూ మధ్య సాగిన వాదం సాహిత్య చరిత్రలో ప్రసిద్ధం. అంత ప్రాచీన కాలానికి తపాలా పత్రాలు సాక్ష్యం కాజాలవు. కాని 19వ శతాబ్ది చివరి నుంచి ఊరు విడిచిన కుటుంబాల విషయంలో పాత తపాలా సూచికలు విలువైన ఆకరాలు. వరంగల్ ప్రాంతానికి సంబంధించినంతవరకు వాటి సాక్ష్యాన్ని ఎంత మేరకు స్వీకరించవచ్చునో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

తపాలా సూచిక తపాలా కార్యాలయాల జాబితా. గ్రామాల జాబితాగా దానిని చదవరాదు. అది ఉత్తరం చేరే చోటును చెబుతుంది. ఉత్తరం అందుకొనే మనిషి ఊరు అక్కడికి కోసుల దూరంలో ఉండవచ్చు. గ్రామం, పోస్టు, తాలూకా, జిల్లా అని విడివిడిగా చిరునామా రాసే పాత పద్ధతి ఈ తేడాను గుర్తించినదే. పాత కార్డుపై గ్రామనామం చెరిగి పోస్టు పేరు మాత్రమే మిగిలినప్పుడు, వారసులు పోస్టునే స్వగ్రామంగా భావించే ప్రమాదం ఉంది.

వరంగల్ విషయంలో మరొక చిక్కు ఉంది. నిజాం రాజ్యానికి సొంత తపాలా వ్యవస్థ ఉండేది. 1869 నుంచి ఆ రాజ్యం తన తపాలా బిళ్ళలను వెలువరించింది. 1950 ఏప్రిల్ 1న ఆ వ్యవస్థ భారత తపాలా శాఖలో విలీనమయింది. కాబట్టి అంతకు పూర్వపు బ్రిటిష్ ఇండియా సూచికలో ఒక ఊరు కనబడనంత మాత్రాన అక్కడ తపాలా లేదని నిర్ణయించరాదు.

నామరూపాల సమస్య ఇంకా సూక్ష్మమైనది. తెలుగు గ్రామనామాలు ఉర్దూ దస్తావేజుల గుండా, ఆంగ్ల జాబితాల గుండా ప్రయాణించాయి. ఉర్దూ లిపిలో ళకారానికి ప్రత్యేక అక్షరం లేదు. హ్రస్వాచ్చులను సాధారణంగా రాయరు. ఆంగ్ల లిప్యంతరీకరణలో త, ట భేదమూ, ద, డ భేదమూ తరచు లోపిస్తాయి. ఒకే వర్ణక్రమం నుంచి రెండు మూడు తెలుగు రూపాలను ఊహించవలసి వస్తుంది. ఇక్కడ భాషాశాస్త్ర పరిజ్ఞానం చరిత్రకారుడికి తప్పనిసరి.

రూపం స్థిరపడినా స్థలం స్థిరపడదు. దాశరథి కృష్ణమాచార్య స్వగ్రామం చిన్నగూడూరు ఇప్పటి మహబూబాబాద్ జిల్లాలోనిది. అదే జిల్లాలో గూడూరు వేరుగా ఉంది. నెల్లూరు ప్రాంతంలో రైల్వే కూడలిగా మరొక గూడూరు ఉంది. చిరునామాలో ‘చిన్న’ అన్న విశేషణం జారిపోతే కుటుంబ చరిత్ర వందల మైళ్ళు జరిగిపోతుంది.

జిల్లాల హద్దులు కూడా నిలకడగా లేవు. సాయుధ పోరాట కాలంలో నల్లగొండ జిల్లాలో ఉన్న జనగామ తాలూకా తరువాత వరంగల్‌లో చేరి, 2016లో ప్రత్యేక జిల్లా అయింది. ఖమ్మం 1953లో వరంగల్ నుంచి విడివడింది. అందువల్ల తాతగారి ఉత్తరంలోని ‘నల్లగొండ జిల్లా’, మనుమడి పత్రంలోని ‘వరంగల్ జిల్లా’ ఒకే ఊరిని సూచించవచ్చు. సూచిక ప్రచురణ సంవత్సరాన్ని గుర్తించకుండా దానిని ఉదహరించడం నిష్ప్రయోజనం. 1972 ఆగస్టు 15న పిన్ సంఖ్యలు ప్రవేశించిన తరువాతనే ఈ సందిగ్ధత చాలావరకు తగ్గింది.

ఫిజీ తెలుగువారి ఉదాహరణ ఈ సందర్భంలో పోల్చదగినది. 1903 నుంచి మద్రాసు రేవు ద్వారా అక్కడికి వెళ్ళిన ఒప్పంద కూలీల వలస పత్రాలలో జిల్లా, తాలూకా లేక ఠాణా, గ్రామం నమోదయ్యాయి. గుమాస్తా చెవికి వినబడినట్లు రాసిన గ్రామనామాన్ని తపాలా సూచికతో సరిపోల్చి ఊరి పరిసరాలను గుర్తించవచ్చు. ఊరు విడిచి బొంబాయి, షోలాపూర్ మిల్లులకు వెళ్ళిన తెలంగాణ నేతకారులకు అటువంటి వలస పత్రం లేదు. ఇంటికి వచ్చిన ఉత్తరాలు, మనియార్డరు రసీదులు వారి వారసులకు ముఖ్యాధారాలు. కనుక సూచికను సరిగా చదవవలసిన అవసరం వీరి విషయంలోనే ఎక్కువ.

సూచికల మౌనాన్ని కూడా గమనించాలి. తపాలా కార్యాలయం లేని తండాలు, గూడేలు, శివారు పల్లెలు వాటిలో వేరుగా కనబడవు. పక్క ఊరి పేరు చాటున ఉండిపోతాయి. పోస్టు పేరునే స్వగ్రామంగా నమోదు చేస్తే ఆ ఆవాసాలు చరిత్రలో రెండవసారి లుప్తమవుతాయి. సూచికలోని పోస్టును కేంద్రంగా తీసుకొని, దాని పరిధిలోని గ్రామాలను రెవెన్యూ పత్రాలతోనూ, జనగణన గ్రామ జాబితాలతోనూ, ఇంటిపేరుతోనూ, ఇలవేల్పు గుడితోనూ సమన్వయించినప్పుడే పూర్వికుల ఊరు నిర్ధారణ అవుతుంది.