గృహాలంకారము - శ్రమజీవుల చేతులు

ఒక జాతి నాగరకతను కొలుచుటకు కోటలను, దేవాలయములను, శాసనములను జూచుట చరిత్రకారుల వాడుక. జగిత్యాల పేరెత్తగానే 1747లో ఇబ్రహీంఖాను జఫరుద్దౌలా ఫ్రెంచి ఇంజనీరుల సాయముతో కట్టించిన నక్షత్రాకారపు కోట జ్ఞప్తికి వచ్చును. ఆ కోటనీడను బ్రతికిన గృహస్థులు గోడలకేమి పూసిరో, మూలలలో నేమి నిలిపిరో, పండుగనాడు ఏ పూవును ఏ పళ్లెములో నమర్చిరో చెప్పువారు మాత్రము అరుదు. ఇంటిలోపలి చరిత్ర వ్రాయబడనంత మాత్రమున అది చరిత్ర కాకపోదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో గృహాలంకారము మారిన తీరును పరిశీలించినచో నొక సత్యము స్పష్టపడును. అలంకారము సౌందర్యమునకు సంబంధించినంతగా శ్రమకును సంబంధించినది. ఏ చేతులు ఇంటిని సింగారించినవి? ఆ చేతులకు ఆ యింట సుఖముగా కూర్చుండు తీరిక యున్నదా? ఈ ప్రశ్నలు వేయక గృహసౌందర్యమును గూర్చి మాటలాడుట సగము మాటయే యగును.

మన పూర్వులు గృహాలంకారమును కళగా గుర్తించిరనుటకు వాత్స్యాయనుని కామసూత్రములు సాక్ష్యము. అందలి అరువదినాలుగు కళలలో బియ్యముతోను పూలతోను నేలపై ఆకృతులు దిద్దుట యొకటి. పూలు పరచుట, మణులతో నేలను తాపుట, శయ్యను అమర్చుట, మాలలు గ్రుచ్చుట వేరువేరు కళలు. నాగరకుని గదిలో నాగదంతమునకు తగిలించిన వీణ, చిత్రఫలకము, కుంచెల పెట్టె, ఒక పుస్తకము, కురంటక మాలలు ఉండవలెనని ఆతడు వర్ణించినాడు. గోడకు బిగించిన ఆ నాగదంతమునకు మన పాతయిండ్లలోని చిలుకకొయ్య దగ్గరి చుట్టము. అయితే ఆ శాస్త్రకారుడే మరియొక అధికరణమున, ఇల్లు శుచిగా నుంచి, నేలను నునుపు చేసి, నానావిధ కుసుమములను అమర్చు భారమును భార్యపై నుంచినాడు. వీణ పురుషునిది, చీపురు స్త్రీది. ఈ పంపకము నేటికిని పెక్కు గృహములలో చెక్కుచెదరలేదు.

ఇక మన ప్రాంతపు పాతయింటిని చూతము. కలవారిది భవంతి యిల్లు. నడుమ ఆకాశము కనబడు వాకిలి, చుట్టును మంచెత్తు కంబములు, గూనపెంకుల కప్పు, చెక్కడపు దర్వాజ. అత్తరుదానులు, పాందానులు కరీంనగరపు వెండితీగ పనివారి చేతినుండి వచ్చెడివి. లేనివారిది మట్టిగోడల యిల్లు. కాని అలంకారవిషయమున ఆ రెంటికిని పోలికలు గలవు. గోడకు సున్నము, అడుగుభాగమున జాజు, ఆ జాజుమీద తెల్లని పట్టెలు, గడపకు పసుపు కుంకుమలు, దర్వాజకు మామిడాకుల తోరణము, గోడగూటిలో దీపము, వాకిట ముగ్గు. వీనిలో కొనదగినవి కొలది, చేయదగినవి మెండు. ఏ వస్తువును శాశ్వతము కాదు. ముగ్గు మరునాటికి చెరగును, తోరణము వాడును, జాజు మరుసటి పండుగకు వెలియును. మరల వేయు చేయి ఉన్నంతవరకే ఆ యింటికి శోభ.

ఈ క్షణికకళలలో మకుటము వంటిది బతుకమ్మ. దీనిని పండుగగా అందరును ఎరుగుదురు. పుష్పరచనగా దానిని గౌరవించినవారు తక్కువ. పెత్రమాసనాడు ఎంగిలిపూల బతుకమ్మతో ఆరంభమై తొమ్మిది దినములు జరుగు నీ యుత్సవము సద్దుల బతుకమ్మతో ముగియును. వేములవాడ మొదలగు కొన్ని చోట్ల ఏడవనాడే సద్దులు జరుపుదురు. పురుషులు చేలవెంట, గుట్టలవెంట తిరిగి తంగేడు, గునుగు కోసి తెత్తురు. స్త్రీలు తాంబాళములో గాని సిబ్బిలో గాని గుమ్మడాకులు పరచి, పూలను వరుసలు వరుసలుగా వలయాకారమున పేర్తురు. కాడలు లోపలికి, పూలు వెలుపలికి. నడుమ ఖాళీని ఆకుల తుంపులతో నింపనిచో పైవరుసల బరువునకు క్రిందివరుసలు జారిపోవును. గునుగు కొనలను సమముగ కత్తిరించి రంగులలో ముంచి, పసుపుపచ్చని తంగేడు వరుసకు, ఎరుపు, నీలి గునుగు వరుసకు పొందిక కుదుర్తురు. పైకి పోవుకొలది వలయము సన్నగిల్లి శిఖరమగును. శిఖరముమీద గుమ్మడిపూవు, పసుపు గౌరమ్మ. సాయంకాలమువరకు అది ఇంటిలో దేవునియెదుట నిలిచి గది నంతయు వెలిగించును. పిమ్మట వాకిటికి, ఆట ముగిసిన పిమ్మట చెరువునకు పోవును.

జపాను దేశమున ఇకెబానా యను పుష్పవిన్యాసము గలదు. బుద్ధుని యెదుట పూవు లుంచు ఆచారము దానికి మూలమనియు, క్యోటో నగరమునందలి రొక్కకుదో ఆలయపు ఇకెనొబో పరంపర పదునైదవ శతాబ్దినుండి దానిని పోషించెననియు చెప్పుదురు. దానికి గురువులున్నారు, సంప్రదాయములున్నవి, గ్రంథములున్నవి, ప్రపంచమంతట శిష్యులున్నారు. బతుకమ్మయు దేవతయెదుట పెట్టిన పూవులనుండి పుట్టినదే. బరువు, రంగు, ఆకృతి, ఋతువు అను నాలుగింటిని తెలిసిన విద్యయే. కాని దానికి మన పాఠశాలలో చిత్రలేఖనపు గంటయందైనను చోటు లేదు. కారణము వెదకనక్కరలేదు. చదువుకొననివారి చేతిలో నున్న విద్యను విద్యగా నెన్నకపోవుట మనకు పాతజబ్బు. 2014లో తెలంగాణ రాష్ట్రము దీనిని రాష్ట్రోత్సవముగ చేసినది. ఉత్సవమునకు గౌరవము దక్కినది, పేర్చు చేతినేర్పునకు ఇంకను దక్కవలసియున్నది.

ఇంటిని సింగారించు వస్తువులను చేసినవారి యిండ్లు ఎట్లుండెను? సిరిసిల్ల నేతపనివాని యింటిలో వెలుతురుగల ముందుగది మగ్గమునకు చెల్లెడిది. గుంటమగ్గము ముందు ఆతడు కూర్చుండగా ఇల్లాలు ఆసుపోసి, పిల్లలు కండెలు చుట్టెడివారు. లోకమునకు వస్త్రమిచ్చు గదిలో వారికి కాళ్లు చాపుకొన చోటు చాలదు. కోరుట్లలో చేతితో కాగితము చేయుట ప్రసిద్ధవృత్తిగా నుండెను. ఆ కాగితము పట్వారీల లెక్కపుస్తకములయి ఊరూరి భూమిని, శిస్తును మోసినది. దానిని చేసినవారి బ్రతుకు ఏ పుస్తకమునకును ఎక్కలేదు.

పందొమ్మిదవ శతాబ్దపు చివరనుండి యంత్రము గదులలో ప్రవేశించెను. 1894లో రవివర్మ బొంబాయిలో ముద్రణాలయము నెలకొల్పిన పిమ్మట లక్ష్మీ సరస్వతుల రంగుపటములు సామాన్యుల గోడల కెక్కినవి. ఇది మేలే. దైవచిత్రము కలవారి సొత్తు కాకపోయెను. చేర్యాల నకాషీవారి పటములు, కథకులు ఊరూర విప్పి చూపుచుండినవి, క్రమముగ చిన్నవై చట్రములలో జొచ్చి నగరవాసుల గోడలకు చేరినవి. మిల్లు కాగితము కోరుట్ల కాగితమును మింగినది. 1938లో సిర్పూరు కాగితపు కర్మాగారపు సంస్థ యేర్పడునాటికే చేతికాగితమునకు కాలము చెల్లుచుండెను. మిల్లు బట్ట చేనేతను తరిమినది. సిరిసిల్ల సాలెవారు బొంబాయి, భివండి, షోలాపురములకు వలసపోయి అచ్చటి మరమగ్గములపై కూలి చేసిరి. తామున్న చోటికి బతుకమ్మను గూడ తీసికొనిపోయిరి. కాలక్రమమున మరమగ్గము సిరిసిల్లకే వచ్చినది. అప్పులపాలై ప్రాణములు తీసికొన్న నేతగాండ్ర వార్తలతో ఆ యూరిపేరు దేశమెల్ల వినబడిన దుఃఖకాలమును మనము మరువరాదు. 2017లో ప్రభుత్వము బతుకమ్మ చీరల నేతను ఆ యూరికప్పగించుట కొంత ఊరటయైనది. ఒక కళను పోషించుట యనగా దానిని పొగడుట గాదు, దానికి పని యిచ్చుట యని ఆ యేర్పాటు తెలిపినది.

1973లో చమురు ధర పెరిగిన తరువాత గల్ఫు దేశములు పనివారిని పిలిచినవి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెలనుండి పురుషులు వేలకొలది తరలిరి. వారు పంపిన రొక్కముతో పెంకుటిండ్లు పోయి స్లాబు ఇండ్లు లేచినవి. ముందుగదిలో గోడకంతటికి అద్దాల షోకేసు వెలసినది. అందు విదేశపు గాజుసామాను, అత్తరు సీసాలు, ఎన్నటికిని వాడని ప్లాస్టికు పూలు, గోడమీద ఇంటి యజమాని ఛాయాచిత్రము. ఆ యజమాని యెక్కడ? ఎడారినగరములో పదిమందితోగూడ ఒక గదిలో, ఒకదానిపై నొకటిగా వేసిన మంచములలో నొకదానిపై. తాను కట్టిన యింట ఆతడు రెండు మూడేండ్ల కొకసారి అతిథి. ఇల్లాలు అదే ముందుగదిలో చాట ఒడిలో పెట్టుకొని తునికాకు కత్తిరించి బీడీలు చుట్టుచుండును. వెనుకటి ముగ్గువ్రేళ్లే అవి. తెల్లవారినదిమొదలు వెయ్యి బీడీల లెక్క తీర్చవలసిన వ్రేళ్లకు వాకిట చుక్కలు కలుపు వేళ యేది?

దీనినిబట్టి మట్టిగోడలకు మరలుడని ఎవరికిని చెప్పరాదు. వానకు కారని కప్పు, గాలివచ్చు కిటికీ, ఇంటిలో కుళాయినీరు ఏ చెక్కడపు దర్వాజకంటెను గొప్ప అలంకారములు. షోకేసును వెక్కిరించుటయు తగదు. అందలి ప్రతి గాజుగిన్నెయు ఎండలో కరిగిన ఒక దినమునకు గుర్తు. కాని చేతిపనిని కొనియాడుటతో కర్తవ్యము తీరదు. ఇంగ్లండులో విలియం మారిస్ 1861లో మిత్రులతో సంస్థ నెలకొల్పి, యంత్రపు చవుకసామానుకు బదులు అందమైన గోడకాగితములు, బట్టలు, కుర్చీలు చేయించెను. అవి ఖరీదగుటచే ధనికుల యిండ్లకే చేరినవి. ఈ చిక్కు ఆతనినే బాధించి సామ్యవాదమువైపు నడపినది. శ్రమకు న్యాయము లేని చోట సౌందర్యము విలాసమగునని ఆతని జీవితము తెలుపుచున్నది.

కావున చదువరులారా, ఇల్లు సింగారించునపుడు మూడు పనులు చేయుడు. మొదటిది, అలంకారమును ముందుగదితో ఆపకుడు. అతిథి క్షణము కూర్చుండు గదికి రంగులు, ఇల్లాలు జీవితము గడుపు వంటగదికి పొగయు చీకటియు అనుట అన్యాయము. వంటింటికి కిటికీ పెట్టించిన పిమ్మటనే గోడకు పటము తగిలింపుడు. రెండవది, ఏడాదికొక వస్తువునైనను సమీపపు చేతిపనివానియొద్ద సరియైన వెలయిచ్చి కొనుడు. తలుపు తెర సిరిసిల్లది కావచ్చును, గోడపటము చేర్యాలది కావచ్చును. మూడవది, పూలు కోసితెచ్చుటతో పురుషుని పని ముగిసినదనుకొనక, పేర్చుటయందును, మరునాడు ఊడ్చుటయందును పాలుపంచుకొనుడు. కొడుకులకు గూడ బతుకమ్మ పేర్చుట నేర్పుడు. కలుపుమందు చల్లిన చేలలో గునుగు మొలవదు గనుక, గట్టుమీద నాలుగు మొక్కలను ఉండనిండు.

కోటను కట్టించినవాని పేరు నిలిచినది. గోడకు జాజు పూసినదాని పేరు నిలువలేదు. పేరు నిలుపుట మనచేత గాకపోయినను, ఆమె కొంత తీరికతో తన గదిలో తాను కూర్చుండునట్లు చేయుట మనచేత నగును. గృహాలంకారము అచ్చట మొదలగును.